సంక్రాంతి బండలాగుడు, రాత్రి కబడ్డీ, స్కౌట్స్ క్యాంపు: ఫొటోలకి ఎక్కడ నిలబడాలి, ఏ సెట్టింగు పెట్టాలి?

పెన్నా_ఒడ్డు
పండక్కి ఊళ్లో ఎడ్ల బండలాగుడు ఉండాది, రాత్రిళ్లు కబడ్డీ. అవి అవగానే స్కూల్లో స్కౌట్స్ క్యాంపు. మూడూ తీయాలి. చేతిలో ఉండేది 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, లెన్సులు కిట్ 18-55, 70-300 (ఎఫ్ 4-5.6; ఎఫ్ అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ వస్తాది), 50 ఎఫ్ 1.8.

ఇబ్బందులు ఇవీ. ఎడ్ల ఫొటోలన్నీ దుమ్ములో బూడిద రంగుగా వస్తా ఉండాయి, గిత్త ఒంటి మీద తెలుపు ఎగిరిపోయి వెంట్రుక కూడా కనపడదు. కబడ్డీ ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు. జూమ్ 300 దగ్గర ఏ ఫొటో పెద్దది చేసి చూసినా మెత్తగా ఉంటాది. సెకండ్ హ్యాండులో 70-200 ఎఫ్ 2.8 ఒకటి దొరుకుతా ఉంది. తీసుకోమంటారా?

దర్శి_గిత్తలు
లెన్సు సంగతి తర్వాత. ట్రాక్ ఎటు నుంచి ఎటు వేస్తారు? తూర్పు పడమరలా, ఉత్తర దక్షిణాలా?

పెన్నా_ఒడ్డు
ఉత్తర దక్షిణాలు. పడమర పక్క చెరువు కట్ట, తూర్పు పక్క రోడ్డు. జనమంతా రోడ్డు పక్కే ఉంటారు.

దర్శి_గిత్తలు
అయితే నీ పని సగం తేలికైంది. సంక్రాంతికి మన ఒంగోలు, నెల్లూరు వైపు సూర్యుడు నేరుగా తూర్పున లేవడు. తూర్పు నుంచి దక్షిణానికి 22 డిగ్రీలు జరిగి పొద్దున 6:40 ప్రాంతంలో లేస్తాడు, సాయంత్రం 6 గంటలకి అదే లెక్కన నైరుతి వైపు దిగిపోతాడు. మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, దక్షిణాన 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే రోజంతా వెలుగు దక్షిణం వైపు నుంచే.

ఇప్పుడు ట్రాక్ చూడు. జత దక్షిణానికి తిరిగి లాగేటప్పుడు రోజంతా మొహాల మీద వెలుగు పడుతుంది. ఉత్తరానికి తిరిగి లాగేటప్పుడు మొహాలు నీడలో ఉంటాయి, వెలుగంతా పిరుదుల మీద. కాబట్టి నీ ఫొటోలు దక్షిణానికి వచ్చే లాగుడులో తీసుకో, ఉత్తరానికి పోయేటప్పుడు కార్డు, బ్యాటరీ చూసుకో.

నిలబడే చోటు: దక్షిణం కొస నుంచి పాతిక ముప్పై అడుగులు ఇవతల, కంచె బయట. పొద్దున రోడ్డు పక్క, రెండు దాటాక కట్ట పక్క. కొసకి ఎదురుగా మాత్రం వద్దు. ఊపు మీద ఉన్న జత గీత దగ్గర ఆగుతుందని నమ్మకం లేదు. సరుగుడు కర్రల కంచె ఎడ్లని ఆపలేదు.

కొత్తపట్నం_గాలి
వెలుగు వరకు దర్శి అన్న లెక్క బాగుంది గానీ గాలి సంగతి వదిలేశాడు. బూడిద రంగుకి అసలు కారణం దుమ్ము. పండగ రోజుల్లో మన తీరం వైపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, మధ్యాహ్నం దాటితే సముద్రం మీద నుంచి వీస్తుంది. అంటే సాయంత్రం కట్ట పక్క నిలబడితే దుమ్మంతా నీ లెన్సు మీదికే వస్తుంది. నేనయితే రోజంతా రోడ్డు పక్కే ఉండమంటా.

దర్శి_గిత్తలు
సాయంత్రం రోడ్డు పక్క నిలబడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు గదా. మొహాలు నల్లబడవా?

కొత్తపట్నం_గాలి
నల్లబడతాయి, ఒప్పుకుంటా. అయితే దుమ్ము వెనక నుంచి వెలుగు పడితే బంగారు రంగులో మెరుస్తుంది. అదే దుమ్ము మీద ముందు నుంచి పడితే బూడిద తెర అవుతుంది. నాలుగు గంటలకి సూర్యుడు 25 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఎదురు వెలుగులో ఎడ్ల వెన్ను మీద, కొమ్ముల మీద, మనుషుల భుజాల మీద వెలుగు అంచు కట్టి కనపడుతుంది. మొహాల వివరం కావాలంటే రా (కుదించని ఫైలు) ఫార్మాట్‌లో తీసి షాడోలు ఎత్తుకోవచ్చు. లెన్సుకి హుడ్ (ఎండ అడ్డు) తప్పనిసరి, యూవీ ఫిల్టర్ ఉంటే ఆ గంట సేపు తీసి జేబులో పెట్టుకోవాలి. ఎదురు వెలుగులో ఫిల్టర్ మీది దుమ్ము చుక్కలు చుక్కలుగా మెరిసి ఫొటోని చెడగొడతాయి.

లెన్స్_లలిత
ఇద్దరిదీ నిజమే, ఎవరికి ఏ ఫొటో కావాలన్న దాన్ని బట్టి. ఎడ్ల యజమానికి ఇవ్వాల్సిన ఫొటో అయితే ముందు వెలుగు. జత మొహాలు, కొమ్ములు, మూపురం, గంగడోలు అన్నీ స్పష్టంగా ఉండాలి, ఆయన చూసేది అదే. గోడకి పెట్టుకునే ఫొటో అయితే సాయంత్రం ఎదురు వెలుగు.

గాలి ఎటుందో తెలియకపోతే గుప్పెడు మట్టి నడుం ఎత్తు నుంచి వదిలి చూడండి. ఊరూరికీ చెట్లు, కట్టలు, ఇళ్లు గాలి దారి మారుస్తాయి.

కంభం_క్లిక్
దూరం గురించి ఒక మాట. 300 తో ఆ చివర ఉన్న జతని లాక్కుంటే నీకూ ఎడ్లకీ మధ్య దుమ్ము పొర ఎక్కువవుతుంది. అదే జత నీ ముందుకి వచ్చేదాకా ఆగి 100-150 దగ్గర తీస్తే పొర పల్చన. కాంట్రాస్టు దానంతట అదే వస్తుంది, ఎడిటింగులో డీహేజ్ (మసక తెర తగ్గించే మీట) లాగే పని తగ్గుతుంది. డీహేజ్ ఎక్కువ లాగితే తెల్ల ఎడ్లకి నీలం రంగు ఎక్కుతుంది, అది ఇంకా పెద్ద తలనొప్పి.

కొన్ని చోట్ల ట్యాంకరుతో ట్రాక్ మీద నీళ్లు చల్లుతారు. చల్లిన వెంటనే వచ్చే జతని వదులుకోవద్దు. దుమ్ముండదు, గిట్టల కింద నుంచి తడి మట్టి పెళ్లలు లేస్తాయి.

పెన్నా_ఒడ్డు
ఇంత ఉందా. తెలుపు ఎగిరిపోయేదానికి ఏం చేయాలి? ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే మీట) ప్లస్ పెట్టమని ఒకరు, మైనస్ పెట్టమని ఇంకొకరు.

లెన్స్_లలిత
ప్లస్. తెల్ల గిత్త ఫ్రేము నిండా ఉంటే కెమెరా ఆ తెలుపుని నడిమి బూడిద రంగుకి దించేస్తుంది. +0.7 ఇస్తే మళ్లీ తెలుపు వస్తుంది.

కందుకూరు_కుర్రోడు
నేను మైనస్ అంటా. బండలాగుడులో గిత్త ఫ్రేము నిండా ఉండేది ఎప్పుడో ఒకసారి. వెనకాల జనం, చెట్లు, నీడ. కెమెరా ఆ నలుపుని చూసి వెలుగు పెంచుతుంది, మధ్యలో ఉన్న గిత్త పోతుంది. -0.7 లేకుండా తీయకూడదు.

లెన్స్_లలిత
నువ్వు చెప్పేది వెడల్పు ఫ్రేముకి, నేను చెప్పింది దగ్గర ఫ్రేముకి. జూమ్ తిప్పిన ప్రతిసారీ లెక్క తారుమారవుతుంది కాబట్టే ఆటోని నమ్మొద్దు. ఎండ మారనంత సేపు మాన్యువల్ పెట్టేయండి. పూర్తి ఎండలో సెన్సర్ వెలుగు పట్టే జోరు, అంటే ఐఎస్‌ఓ 200, ఎఫ్ 5.6, షట్టర్ 1/1600 సెకను దగ్గర మొదలుపెట్టి ఒక ఫొటో తీసి హైలైట్ వార్నింగ్ (తెలుపు ఎగిరిపోయిన చోట మిణుకుతుంది) చూడండి. ఒళ్లు మిణుకుతుంటే 1/2000 కి పొండి. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత 1/1000 కి దిగొచ్చు.

చూడాల్సిన చోటు కూడా చెప్తా. ఒంగోలు జాతి మగ గిత్తలకి తల మీద, మెడ మీద, మూపురం మీద బూడిద నలుపు ఉంటుంది. అక్కడ తెలుపు పోదు. ముందు ఎగిరిపోయేది వెన్ను, డొక్క. స్క్రీన్ మీద పెద్దది చేసి డొక్క దగ్గర పక్కటెముకల నీడ కనపడుతుందా లేదా చూసుకోండి. అది కనపడితే మిగతాదంతా ఉన్నట్టే.

కందుకూరు_కుర్రోడు
మాన్యువల్‌కి నేనూ సరే. మబ్బులు ఆడే రోజు మాత్రం మాన్యువల్‌లోనే ఆటో ఐఎస్‌ఓ పెట్టి -0.3 ఉంచుకుంటే మేలు.

దర్శి_గిత్తలు
ఫోకస్ సంగతి: ఎడ్ల కంటి చుట్టూ, ముట్టె మీద చర్మం నలుపు, పక్కనే తెల్ల వెంట్రుక. ఆటోఫోకస్‌కి గట్టి పట్టు దొరికేది అక్కడే. కంటిన్యువస్ ఫోకస్, చిన్న జోన్, దగ్గరి గిత్త మొహం మీద పెట్టు. ఫ్రేమంతా ఆటో వదిలేస్తే కొమ్ములకి కట్టిన రంగు కుచ్చులనో, ముందు లేచిన దుమ్మునో పట్టుకుంటుంది. ట్రాకింగ్ సెన్సిటివిటీ ఉన్న బాడీ అయితే నెమ్మది వైపు పెట్టు, దుమ్ము అడ్డొచ్చినా ఫోకస్ దూకదు.

పక్క నుంచి తీస్తే ఒక గిత్త వెనక రెండోది దాక్కుంటుంది. ముందు నుంచి 30-45 డిగ్రీల కోణంలో అయితే రెండు తలలూ కనపడతాయి. రెండూ షార్పుగా ఉండాలంటే ఎఫ్ 7.1 గానీ 8 గానీ పెట్టాలి, ఎఫ్ 2.8 అక్కర్లేదు. అందుకే లెన్సు తర్వాత అన్నా.

సింగరాయకొండ_షట్టర్
క్షణం ఎంచుకోవడం కూడా చెప్పండన్నా. జత నడుస్తున్నంత సేపూ వరసగా బర్‌స్ట్ కొడితే అన్నీ ఒకేలా ఉంటాయి.

దర్శి_గిత్తలు
మూడు చోట్ల ప్రాణం ఉంటుంది. ఒకటి, ఆగిన బండ మొదట కదిలేటప్పుడు: తలలు కిందకి దిగుతాయి, ముందు కాళ్లు వంగుతాయి, మోకు బిగుస్తుంది, కాడి మెడ మీదికి కుంగుతుంది. బండ కదిలాక తీస్తే ఈ బిగువు ఉండదు, కదలక ముందే నొక్కాలి. రెండు, కొసలో తిరిగేటప్పుడు: బయటి గిత్త ఎక్కువ దూరం తిరగాలి, ఒళ్లు వంకర తిరుగుతుంది, మనుషులు చుట్టూ ఉరుకుతారు. మూడు, టైము అయిపోతుందని మైకులో చెప్పే ఆఖరి నిమిషం. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క కాబట్టి అప్పుడు యజమాని మొహం చూడాలి, ఎడ్లని వదిలి ఆయన్ని తియ్యి.

పాల పళ్లు, రెండు పళ్ల విభాగాల్లో (వయసుని పళ్లతో లెక్కిస్తారు) ఎడ్లు చిన్నవి, చురుకు ఎక్కువ, అడ్డం తిరుగుతాయి, 1/1250 కి తగ్గొద్దు. సీనియర్స్‌లో బండ బరువు ఎక్కువ, అడుగు నెమ్మది. అక్కడ 1/60 కి దిగి జతతో పాటు కెమెరా తిప్పుతూ తీస్తే మొహాలు నిలిచి కాళ్లు, జనం చెదురుతాయి. చాలా ఫొటోలు పాడవుతాయి, ఓపిక పట్టాలి.

కంభం_క్లిక్
మామూలు బాడీల్లో రా పెడితే బఫర్ (కార్డుకి ఎక్కేలోపు ఫొటోలు ఆగే చోటు) తొందరగా నిండుతుంది. బండ కదిలే క్షణంలో కెమెరా బిజీ అని చూపిస్తే ఏం లాభం? మూడు మూడు ఫొటోలుగా కొట్టు, మధ్యలో ఊపిరి తియ్యనివ్వు. కార్డు మీద యూ3 గానీ వీ30 గానీ (వేగం గుర్తులు) ఉండేది వాడు.

వెంకటగిరి_వెలుగు
కింద కూర్చుని తీయాలా, ట్రాక్టరు తొట్టి ఎక్కి తీయాలా?

కొత్తపట్నం_గాలి
కింద. మోకాలి ఎత్తు నుంచి చూస్తే ఎడ్లు కొండంత కనపడతాయి.

కందుకూరు_కుర్రోడు
కింద నుంచి తీస్తే వెనకాల ఫ్లెక్సీలు వస్తాయి. గిత్త కొమ్ముల మధ్య నుంచి ఎవరో నమస్కారం పెడుతూ ఉంటారు. తొట్టి మీద నుంచి అయితే వెనక నేల, మోకు గీత, బండ జాడ కనపడతాయి.

లెన్స్_లలిత
ముందురోజు సాయంత్రం వెళ్లి ఫ్లెక్సీలు ఎక్కడ కట్టారో చూసుకుంటే ఈ గొడవ ఉండదు. అవి ఒక పక్కే కడతారు, మైకు బల్ల వైపు. వాటికి వీపు పెట్టే చోటు వెతుక్కుని కింద కూర్చోండి. ఆ చోటు దొరక్కపోతే తొట్టి.

మర్రిపాడు_మిత్ర
చర్నాకోల దెబ్బ పడే క్షణం ఫొటోలు ఈ మధ్య ఎక్కువగా పెడుతున్నారు. అవి వద్దని నా మనవి. ఎద్దు బలం చూపించడానికి దాని నొప్పి చూపించక్కర్లేదు.

దర్శి_గిత్తలు
జరిగేది జరిగినట్టు తీయాలన్నది నా మాట. దాచిపెడితే మారేదెట్టా? కాకపోతే దాన్ని వీరత్వం లాగా రాసి పెట్టకూడదు, అక్కడ నీతో కలుస్తా. ఇంకోటి, ఫ్లాష్ అస్సలు కొట్టొద్దు. కాడి మీదున్న ఎద్దు బెదిరితే దాని పక్కన పరిగెత్తే మనిషి కిందపడతాడు, వెనక వచ్చేది బండ. డ్రోన్ కూడా అంతే, తల మీద ఆ రొద ఎడ్లు ఓర్చుకోవు.

నేలపట్టు_గూడబాతు
300 దగ్గర మెత్తగా ఉందన్న దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఆ ఫొటోలు ఏ టైముకి తీసినవి?

పెన్నా_ఒడ్డు
పదకొండు నుంచి ఒంటి గంట మధ్య. 1/1000 పెట్టినా మెత్తగానే ఉన్నాయి.

నేలపట్టు_గూడబాతు
లెన్సుని తిట్టకు. అది నేల వేడి. ఎండకి కాగిన నేల మీద గాలి పొరలు పొరలుగా వేడెక్కి కదులుతుంటాయి, ఆ పొరల్లోంచి వచ్చే వెలుగు వంగి వంగి వస్తుంది. దూరం పెరిగే కొద్దీ, కెమెరా నేలకి దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ. షట్టర్ పెంచినా, లక్షల లెన్సు పెట్టినా పోదు. పులికాట్‌లో రాజహంసలు (ఫ్లెమింగోలు) తీసేవాళ్లకి ఇది రోజూ ఉండే బాధ. శ్రీహరికోట రోడ్డు మీద నుంచి పొద్దున్నే అయితే ఈకలు లెక్కపెట్టుకోవచ్చు, ఎండ ముదిరితే అదే లెన్సుతో గులాబీ మచ్చలు మాత్రమే వస్తాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెట్ల మీద, నీళ్ల పైన ఉంటాయి కాబట్టి కాస్త నయం.

పరీక్ష సులభం: పొద్దున ఏడు గంటలకి 300 దగ్గర, ఎఫ్ 8, 1/1000 తో ముప్పై అడుగుల దూరంలో గోడ మీద పోస్టరు తియ్యి. అక్షరాలు షార్పుగా ఉంటే లెన్సు మంచిదే. లేకపోతే అప్పుడు డబ్బు గురించి ఆలోచించు.

ఇంకో కారణం: ఏసీ గదిలోంచో కారులోంచో తీసి వెంటనే వాడితే లెన్సు లోపల కూడా తేమ పట్టి అరగంట దాకా మెత్తగా వస్తుంది. బ్యాగ్ జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి అప్పుడు కెమెరా తియ్యండి.

ఉదయగిరి_నీడ
టైముకి యాప్ అక్కర్లేదు. నీ నీడ నీ ఎత్తు కంటే పొడుగున్నంత సేపు వెలుగు బాగుంటుంది. సంక్రాంతికి పొద్దున పదిన్నర దాకా, మళ్లీ రెండుంపావు నుంచి. మే నెలలో తిరునాళ్ల బండలాగుడు అయితే పొద్దున తొమ్మిదికే అయిపోతుంది, మళ్లీ మూడుంపావు దాకా రాదు. ఏప్రిల్ చివర్లో మన వైపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. తలపాగా కింద కళ్లు కనపడవు, మూపురం నీడ డొక్క మీద నల్లగా పడుతుంది. ఆ టైములో మనుషుల్ని పందిరి కింద తీయండి, ఎడ్లకి నీళ్లు పెట్టేది తీయండి, ట్రాక్ వదిలెయ్యండి.

పెన్నా_ఒడ్డు
నీడ లెక్క భలే ఉంది. ఇక కబడ్డీ చారలు?

సింగరాయకొండ_షట్టర్
మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు. నువ్వు సైలెంట్ షట్టర్ పెట్టావు కదూ? ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పై నుంచి కిందకి వరస వరసగా చదువుతుంది. చదివేలోపు లైటు ఆరి వెలిగితే ఆరినప్పటి వరసలు నల్ల చారలు. మెకానికల్ షట్టర్‌కి మార్చు, సగం పోతుంది. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చెయ్యి. లైటు పూర్తిగా వెలిగిన క్షణం చూసి కెమెరా ఫొటో తీస్తుంది, బర్‌స్ట్ కాస్త నెమ్మదిస్తుంది, పర్వాలేదు. ఆ ఆప్షన్ లేని బాడీ అయితే షట్టర్ 1/100.

కబడ్డీ_కార్నర్
1/100 లో కబడ్డీనా? రైడర్ చెయ్యి ఊపితే చెయ్యే మాయం.

సింగరాయకొండ_షట్టర్
చారలు పూర్తిగా పోయేది అక్కడే అని చెప్పా. రైడర్ ఆగి కళ్లతో కొలిచే క్షణాలు 1/100 లో బాగా వస్తాయి. పట్టు పడే క్షణానికి 1/400 కావాలి, దానికి మెకానికల్ షట్టర్ పెట్టుకుని నాలుగైదు కొట్టు, వాటిలో ఒకటి రెండు వెలుగులో పడతాయి. గ్రౌండులో లైట్లు వేరు వేరు ఫేజుల మీద ఉంటే ఒకటి ఆరినప్పుడు ఇంకోటి వెలుగుతుంది, అప్పుడు చార పల్చబడుతుంది. లైట్లు కట్టే ఎలక్ట్రీషియన్‌ని ముందే అడిగితే కొందరు మార్చి పెడతారు.

కబడ్డీ_కార్నర్
చోటు గురించి నేను చెప్తా. మగవాళ్ల కోర్టు 13 మీటర్లు పొడవు, 10 వెడల్పు. నడి గీత నుంచి ఒక్కో వైపు ఆరున్నర మీటర్లు. రైడర్ మొహం ఎప్పుడూ అవతలి జట్టు వైపు ఉంటుంది. కాబట్టి నడి గీత దగ్గర కూర్చుంటే పక్క మొహమే వస్తుంది. చివరి గీత వెనక, మూలకి కూర్చో. రైడర్ నీ మీదికే వస్తాడు, మొహం, చెయ్యి, బోనస్ గీత మీద కాలి వేలు అన్నీ ఎదురుగా. డిఫెండర్ల వీపులు అడ్డొస్తాయి, అయితే ఆ వీపుల సందులోంచి కనపడే రైడర్ కళ్లే మంచి ఫొటో.

గీత నుంచి కనీసం రెండు మీటర్లు వెనక్కి. లాబీ (కోర్టు పక్క పట్టీ) దాటి పడేవాళ్లుంటారు, ముందుకు చాచిన లెన్సు వాళ్ల పళ్లకి తగులుతుంది.

క్రాప్ బాడీ మీద 50 ఎఫ్ 1.8 ఈ చోటుకి సరిగ్గా సరిపోతుంది. ఎఫ్ 2.2, 1/400, ఐఎస్‌ఓ 3200. చాలకపోతే 6400, గ్రెయిన్ వస్తే రానీ, చెదిరిన ఫొటో కన్నా మేలు. వైట్ బ్యాలెన్స్ (రంగుల తూకం) ఆటోలో వదలొద్దు. ఒక మూల ఎల్‌ఈడీ, ఇంకో మూల పాత హాలోజన్ ఉంటే ఒక్కో ఫొటోకి ఒక్కో రంగు వస్తుంది. 4500 కెల్విన్ దగ్గర కట్టేసి తర్వాత అన్నీ కలిపి దిద్దుకో.

వెంకటగిరి_వెలుగు
రైడ్ 30 సెకన్లే కదా, ఎప్పుడు నొక్కాలి?

కబడ్డీ_కార్నర్
మొదటి పది సెకన్లు కెమెరా దించుకుని ఆట చూడు. కార్నర్ డిఫెండర్ మడమ నేల నుంచి లేచిందంటే కాలు పట్టడానికి దూకబోతున్నాడు. అప్పుడు నొక్కాలి. చెయ్యి కాలికి తగిలాక నొక్కితే కుప్ప మాత్రమే వస్తుంది.

మైపాడు_తీరం
వాలీబాల్ ఉంటే అదే సూత్రం. స్మాష్ కొట్టేవాడి మొహం కావాలంటే నెట్‌కి అవతలి పక్క, స్తంభం నుంచి కొంచెం పక్కకి. మగవాళ్ల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆ పైన ఖాళీ ఆకాశం వచ్చేలా కింద కూర్చో, బంతికి చోటు వదులు.

బీచ్‌లో ఆడిస్తే ఆట అయ్యాక కెమెరా తుడిచే తీరు మార్చుకో. మన సముద్రం గాలిలో ఉప్పు తడి ఉంటుంది. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు, ఇసుక కలిసి గాజుని గీస్తాయి. ముందు బ్లోయర్, తర్వాత బ్రష్, తర్వాత మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, చివర పొడి మైక్రోఫైబర్‌తో గాజు.

కంభం_క్లిక్
బండలాగుడు దుమ్ముకీ ఇదే వరస, తడి గుడ్డ తప్ప. ట్రాక్ దగ్గర లెన్సు మార్చొద్దు. మార్చక తప్పకపోతే కారులో అద్దాలు ఎత్తి, ఏసీ ఫ్యాన్ ఆపి, బాడీ నోరు కిందకి పెట్టి మార్చు. నోటితో ఊదొద్దు, ఉమ్ము తుంపరలు సెన్సర్ మీద మచ్చలై అంటుకుంటాయి. జూమ్ బయటికి చాచే లెన్సులు లోపలికి గాలి పీలుస్తాయి, దాంతో పాటే దుమ్ము. పాలిథిన్ సంచికి కన్నం చేసి హుడ్ దగ్గర రబ్బరు బ్యాండ్ వేస్తే చాలు. ఇంటికొచ్చాక ఎఫ్ 16 లో ఆకాశం ఒక ఫొటో తీసి చూడు, సెన్సర్ మీద దుమ్ముంటే మచ్చలు కనపడతాయి.

మర్రిపాడు_మిత్ర
తుపాన్ల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కెమెరాని బియ్యం డబ్బాలో పెట్టమని చెప్తుంటారు. పనిచేస్తుందా?

మైపాడు_తీరం
వద్దు. బియ్యం తౌడు పొడి జూమ్ రింగులోకి పోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, లోపల రంగు మారే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచు. రంగు మారితే జెల్‌ని పెనం మీద సన్న సెగన వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో మాత్రం నెలల తరబడి పెట్టొద్దు, బూజుకి అదే పుట్టిల్లు.

పెన్నా_ఒడ్డు
రాసుకుంటా ఉండా. స్కౌట్స్ క్యాంపు గురించి తెలిసినవాళ్లు ఎవరైనా?

స్కౌట్_మాస్టారు
అడిగినందుకు సంతోషం. ఎక్కువమంది జెండా, మార్చ్, క్యాంప్ ఫైర్ తీసి వెళ్లిపోతారు. మాకు కావాల్సింది పిల్లలు నేర్చుకున్న పని. ప్రవేశ్ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆ పైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు. ప్రతి మెట్టుకీ తాడు ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, వంట లాంటివి ఉంటాయి. లాగ్‌బుక్‌లో అతికించే ఫొటో అంటే ఆ పని అర్థమయ్యేది.

ముడుల ఫొటో తీసేటప్పుడు 50 లెన్సు, ఎఫ్ 4, కిటికీ పక్క వెలుగు, చేతులు ఫ్రేము నిండా. నొక్కే ముందు ముడి సరిగ్గా ఉందో చూడండి. రీఫ్ నాట్ సరైనదైతే తాడు కొస దాని సొంత తాడుని ఆనుకుని, రెండూ ఒకే వైపు సమానంగా బయటికి వస్తాయి. తప్పు పడితే కొసలు అడ్డంగా నిక్కుతాయి, లాగితే జారుతుంది. తప్పు ముడి ఫొటో గోడకి ఎక్కితే తర్వాతి పిల్లలు అదే నేర్చుకుంటారు. స్కౌట్ ఎడమ చేత్తో కరచాలనం చేస్తాడు. ఫొటో తిరగబడిందని అద్దంలో లాగా ఫ్లిప్ చేయకండి.

సింగరాయకొండ_షట్టర్
క్యాంప్ ఫైర్‌కి సెట్టింగు?

స్కౌట్_మాస్టారు
ఫ్లాష్ వద్దు. మంట రంగు పోతుంది. మంటకి ఒక పక్క మీరు, అవతల పిల్లలు. 50 తో ఎఫ్ 2, 1/80, ఐఎస్‌ఓ 3200. స్పాట్ మీటరింగు (ఒక్క చోటే వెలుగు కొలిచేది) ఒక మొహం మీద పెట్టి లాక్ చేసుకోండి, మంట తెల్లబడితే పడనివ్వండి. కొత్త కట్టె వేసినప్పుడు పొగ, తర్వాత ఒక పెద్ద మంట వస్తుంది, ఆ అరనిమిషంలో మొహాలన్నీ వెలుగుతాయి. నాటిక వేసే పిల్లల దగ్గరికి వెళ్లి ముందే చెప్పండి, ఒక్క క్షణం అలాగే నిలవమని.

ఇంకొకటి, ఇది తప్పకుండా పాటించాలి. పిల్లల ఫొటోలు తీసే ముందు బడి అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. బయట పెట్టేటప్పుడు పేరు, బడి, ఊరు కలిపి రాయొద్దు. డేరాల లోపల, స్నానాల దగ్గర కెమెరా తీయొద్దు.

లెన్స్_లలిత
మాస్టారు మాటకి నా ఓటు. ఊరి కబడ్డీలో ఆడపిల్లల జట్లకి కూడా ఇదే వర్తింపజేయండి. కింద పడ్డప్పటి ఫొటోలు ఏరి తీసేసి అప్పుడు గ్రూపులో పెట్టండి.

పెన్నా_ఒడ్డు
సరే, 70-200 కొనడం ఆపేశా. పోస్టరు పరీక్ష రేపు పొద్దున్నే. ఆఖరి ప్రశ్న: ఎడ్ల యజమానులు ఫ్రేము కట్టించుకోవడానికి ఫొటో అడుగుతారు. వాట్సాప్‌లో పంపితే స్టూడియోవాళ్లు క్లారిటీ లేదంటున్నారు.

కందుకూరు_కుర్రోడు
ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు, ఉన్నది ఉన్నట్టు పోతుంది.

కంభం_క్లిక్
12x18 ప్రింటుకి అంగుళానికి 200 చుక్కలు చాలు, అంటే 2400x3600. అంటే 9 మెగాపిక్సెల్ కూడా నిండదు, నీ 24 మెగాపిక్సెల్ ఫొటోలో సగం పైన కోసేసినా సరిపోతుంది. అందుకే తీసేటప్పుడు కొమ్ముల పైన కాస్త ఖాళీ వదులు. కొమ్ము కొస తెగిన ఫొటోని యజమాని తీసుకోడు.

దర్శి_గిత్తలు
కొమ్ములే కాదు, గిట్టలూ తెగకూడదు. బండ కూడా ఫ్రేములో ఉండాలి, అది లేకపోతే ఎందుకు వంగాయో చూసేవాడికి తెలియదు. మాట్ పేపరు మీద వేయించు, మెరిసే పేపరు మీద తెల్ల ఎడ్లు ట్యూబ్‌లైటు పడితే కనపడవు.